తెల్ల పట్టీలు

తర్లుపాడు దాటాక మూడో మైలు.
దూదేకుల మస్తానమ్మ చేను.
నాలుగు బోర్లు. మూడు దుమ్ము కక్కాయి,
నాలుగోది నెల్లాళ్ళు నీళ్ళిచ్చి
మాట తప్పింది.

బొంబాయి సముద్రం మీద పదకొండేళ్ళు
చమురు బావుల గోడలు చదివాను నేను.
అదీ సున్నపురాయే.
ఒక బావి పొంగుతుంటే
కూతవేటు దూరంలో ఇంకోటి నోరు తెరిచి ఊరకుండేది.
ఇంజనీర్లు దానికి పెద్ద పేర్లు పెట్టారు.
మా అమ్మయితే, ఒక కడుపున పుట్టినా
ఒక్క తీరుంటారా అనేది.

ఇక్కడ పాత జీపు,
తుక్కు కింద కొన్న నాలుగు చేతుల పరికరం.
బోరు నిండితేగానీ అది చదవదు.
నీళ్ళు వెతకడానికి
ట్యాంకరు నీళ్ళు కొనుక్కున్నాం.

నూటతొంభై అడుగుల దాకా పలకరాయి,
ఆ కింద సున్నం:
ఒకచోట పుప్పిపన్నులా గుల్ల,
జానెడు దిగితే గోరు దిగని నునుపు,
మళ్ళీ చెదలు తిన్నట్టు చిల్లులు.
ఇదంతా ఒకప్పుడు సముద్రమమ్మా అని చెప్పబోయి
ఊరుకున్నాను.
ఈ చేలో ఆ మాట ఎగతాళిలా ఉంటుంది.

గుండ్రటి గోడను నిలువునా చీల్చి
కాగితం మీద పరిచి చూపించాను.
రెండొందల పన్నెండు దగ్గర నల్లగీత
పాములా లేచి, పడి, అంచుకి పోయింది.
"వంకర నెర్రె" అన్నాడు మరిది కాశిం.

మార్కాపురంలో ఇరవయ్యేళ్ళు
పలకల పొరలు విప్పిన చేతులు ఆమెవి.
కాగితాన్ని గొట్టంలా చుట్టింది.
అంచూ అంచూ కలిశాయి. అల పోయింది.
"మునక్కాయను ఏటవాలుగా కోసినట్టు లేదూ?
నెర్రె తిన్నగానే ఉందబ్బాయ్.
పరిచింది నువ్వు."

నాకా ముక్క నేర్పడానికి
ఓ కంపెనీకి ఆర్నెల్లు పట్టింది.

"ఈ ఎదురెదురు చీలికలు?"
"అవి రాతివి కావమ్మా. మనం తవ్వినందుకు పడ్డవి."
ఆమె కాసేపు మాట్లాడలేదు.
"మరి ఈ తెల్ల పట్టీలేంది, పైనుంచి కిందిదాకా?"
"పరికరం చేతులు ఆనని చోట్లు.
అక్కడ ఏముందో తెలీదు."
"నీళ్ళు అక్కడుంటే?"

చీర కొంగు ముడి విప్పి
మాట్లాడుకున్న దాంట్లో ఆరొందలు తగ్గించి ఇచ్చింది.
"నువ్వు చూడనిదానికి నేనెందుకియ్యాలి?"
లెక్క సరిగ్గానే ఉంది.

పోయేముందు తాడుకి రాయి కట్టి
ఇంకోసారి వదిలాను.
చివర బారెడు తడిసి వచ్చింది,
చల్లగా.
ట్యాంకరు నీళ్ళో,
రాయివో.