జనవరి పిండి

ఫారానికి గడువు ఈ రాత్రి పన్నెండు.
నంజేశకు మాత్రం తొమ్మిదే.
ఎనిమిదీ ఇరవైకి వాడి బ్రౌజింగ్ సెంటర్లో
ఒక కుర్చీలో నా కూతురు,
ఇంకో కుర్చీలో దాని మార్కుల కాగితాలు.
నేను నిలబడే ఉన్నా.
గోళ్ల సందుల్లో మినప్పిండి ఇంకా ఆరలేదు.

"జనవరికి వేసేదా అక్కా, ఏప్రిల్ దాకా ఆగేదా?"
కన్నడంలో అడిగాడు,
కిటికీ సీటా, ఈ పక్క సీటా అన్నంత తేలిగ్గా.

నాకు తెలిసిన జనవరి వేరు.
విజినాపురలో జనవరి అంటే
రాత్రి రుబ్బిన పిండి
తెల్లారి ఐదింటికి కూడా పెట్టినచోటే పడుకుని ఉండటం.
గిన్నెకు దుప్పటి కప్పుతా,
పక్కన చెంబుడు వేణ్ణీళ్లు పెడతా,
గుప్పెడు అటుకులు ఎక్కువ వేస్తా.
అయినా మూడ్రోజులకోసారి
హోటల్ చౌడప్ప ఫోన్ చేస్తాడు:
"ఏమ్మా, ఇడ్లీలా ఇవి, గులకరాళ్లా?"
ఏప్రిల్లో ఇంకో బాధ.
అర్ధరాత్రికే పొంగి, మూత తోసుకుని,
గట్టంతా కారి,
నేను లేచేసరికి పుల్లటి వాసన.
సరిగ్గా పులిసిన పిండి
ఏడాదిలో నలభై రోజులు దొరికితే గొప్ప.

ఇదంతా దానికీ చెప్పాను.
తెర మీంచి కళ్లు తిప్పకుండా అంది మేదిని:
"నేను పిండిని కాదమ్మా."

నిజమే.

ఫిజిక్స్ మేడం జనవరిలోనే రాయమంది,
భయం పోతుందని.
భయం పోవడానికి కూడా ఫీజు కట్టాలా అని వాళ్ల నాన్న.
సిలబస్ అవనీండి ఆంటీ, ఏప్రిల్ చాలు అన్నాడు
పై వాటాలో ఇంజినీరింగ్ చదివే పిల్లాడు.
హిందూపురం నుంచి మా ఆడబిడ్డ:
"ఒక్క ఏడు ఆపు వదినా, పిల్ల చిక్కిపోయింది,
నిదానంగా రాస్తుంది."

ఒక్క ఏడు.
పది పాసయ్యాక నన్నూ ఒక్క ఏడే ఆగమన్నారు.
ఆ ఏడుకు ఈ జూన్‌తో ఇరవై మూడేళ్లు.

నంజేశ ఒక ట్యూబ్‌లైట్ ఆర్పేశాడు.
కృష్ణరాజపురం వైపు ఏదో బండి పోతోంది,
గాజు తలుపు సన్నగా అదిరింది.
అప్పుడు తట్టింది నాకు,
ఇంతమందిని అడిగి
దీన్ని అడగలేదని.

"నీకెప్పుడు రాయాలనుందే?"

మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.
పాత చెప్పు తెగిన దగ్గర కాలివేలితో గీరుతూ
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, నంజేశకు వినబడకుండా,
"బాగా నిద్రపోయిన మర్నాడు" అంది.

ఫారంలో అట్లాంటి గడి లేదు.

మాది ఒకటే గది.
పదింటికి గ్రైండర్ వేస్తా.
రాయి తిరిగినంతసేపూ
దాని మంచం కాళ్లు నేలమీద టకటకలాడతాయి.
పుస్తకం పొట్టమీద బోర్లించి
కళ్లు మూసుకుని ఉంటుంది.
నిద్రపోయిందనే అనుకున్నా
రెండేళ్లుగా.

ఏదో అనబోయాను.
అది అప్పటికే జనవరి మీద నొక్కేసింది.
"ఓటీపీ వచ్చింటుంది, చూడమ్మా."
అద్దాలు తెచ్చుకోలేదు నేను.
ఫోను దూరంగా పట్టుకుని
ఆరు అంకెలూ ఒక్కొక్కటే చదివాను.
నాలుగోది తప్పు చెప్పాను.
మళ్లీ పంపించాడు నంజేశ, విసుక్కోకుండా.

ఆ రాత్రి నేనూ వాళ్ల నాన్నా
చెరోపక్కా పట్టి
గ్రైండర్‌ని మెట్ల కిందికి దించాం.
ఆయన నడుం పట్టేసింది.
కిటికీలోంచి వైరు లాగి
స్కూటర్ల మధ్య స్టూలేసుకుని కూర్చున్నా.
నవంబరు చలి అప్పుడే పాదాల్లోకి వస్తోంది.
పొద్దున ఓనరమ్మ అరుస్తుంది,
కరెంటు గురించీ, నీళ్ల మరకల గురించీ.
అరవనీ.

పైన లైటు ఆరింది.
పప్పులో నీళ్లు పోస్తూ
రెండుసార్లు తలెత్తి చూశాను.
నిద్రపోయిందో,
ఈ చప్పుడు లేక నిద్రపట్టక
పడుకుని ఉందో.