నిమిషానికి పౌండూ పది పెన్నీలు

మా ఇంట్లో గోడలు పల్చన.
నెస్టాకి పద్నాలుగేళ్ళు, చెవులు పదును.
అందుకే గురువారం గురువారం సాయంత్రం ఆరింటికి
హోలీహెడ్ రేవు పక్కన, అలలకడ్డంగా కట్టిన రాతికట్ట దగ్గర
కారాపి, డాష్‌బోర్డు మీద ఫోను నిలబెడతాం.
పడిపోకుండా దానికి దన్ను
గెథిన్ టిఫిను డబ్బా.

డాక్టరు దగ్గరికి ముందే వెళ్ళాం.
మంచివాడే. కంప్యూటరు వైపు చూస్తూ చెప్పాడు:
ఒక్కరికైతే ఉచితం, పద్దెనిమిది వారాలు ఆగాలి.
ఇద్దరికీ కలిపైతే
నిలబడడానికి వరుసే లేదు.

సొంత డబ్బుతో అయితే ఈ గురువారమే.
ఒక్కరికి నలభై అయిదు, జంటకి యాభై అయిదు,
యాభై నిమిషాలు.
ఆ రాత్రి వంటింట్లో పోట్లాడుకున్నాం.
"నువ్వెళ్ళు, నీకే అవసరం."
"నాకేం? నువ్వెళ్ళు."
ఎవరు ఎక్కువ విరిగారో ఎంతకీ తేలక
పది పౌండ్లు పోతే పోయాయి, ఇద్దరం అనుకున్నాం.
ఏడాదిలో మేం ఒప్పుకున్న మొదటి మాట అదే.

పడవ ఉంచుకుని మోటారు అమ్మేశాడు.
తెడ్లున్నాయిగా, అన్నాడు.

తెర మీద ఒపొకు గారు.
లీడ్స్‌లో ఎక్కడో చిన్న గది,
వెనక గోడకి ఆనించిన ఇస్త్రీ బల్ల.
గోడ మీది పట్టాలు కాదు,
ఆ బల్లని చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

నాది బడి వంటశాలలో పని.
రెండొందల మంది పిల్లలకి బంగాళదుంపలు కొలిచే చెయ్యి,
ఊరుకుంటుందా?
గెథిన్ దగ్గాడు: ముప్పై పెన్నీలు.
కిటికీ అద్దం తుడిచాడు: అరవై.
"గాలి పెరిగింది" అన్నాడు, మళ్ళీ మాట్లాడలేదు:
నాలుగు పౌండ్లు, ఇంకా పెరుగుతోంది.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఇతని మాట పెదవి దాకా వస్తే కదా!

పోయిన మార్చిలో రేవులో
ఒక ట్రైలరు వెనక్కి జారింది.
కింద పడ్డది ఇతను కాదు.
ఆ 'కాదు'ని ఇంటికి తెచ్చుకున్నాడు.
అన్నం దగ్గర, మంచం మీద, మా ఇద్దరి మధ్య
అదే కూర్చుంది.
నేను అడిగాను. అడిగాను.
తర్వాత అడగడం మానేశాను.
మానేసిన రోజేదో ఒపొకు గారు అడిగితే గుర్తు రాలేదు.
చెత్తడబ్బాలు బయట పెట్టే రోజని మాత్రం తెలుసు.

నాలుగో వారం తెర బిగుసుకుపోయింది.
ఆవిడ నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి
అలాగే ఉండిపోయారు.
డబ్లిన్ ఓడ కూత వేసింది.
గెథిన్ స్టీరింగుకి చెప్పాడు, నాకు కాదు:
"చక్రం కింద దిమ్మ పెట్టాల్సిన వంతు నాది.
టీ కోసం వెళ్ళాను.
నా బదులు ఇయెస్టిన్ వంగాడు."

కూత ఆగింది.
తెర కదిలింది.
"క్షమించండి, సిగ్నలు పోయింది, ఎక్కడున్నాం?"
ఇద్దరం ఏమీ అనలేదు.
ఆ కాసేపటికి ఎంతయిందో
నాకు లెక్క తప్పింది.

పదో వారానికి మోటారు డబ్బు అయిపోయింది.
ఇప్పుడు ఆవిడ నెలకొకసారి.
మిగతా గురువారాలు కూడా వెళ్తాం,
ఫోను లేకుండా, డబ్బా మాత్రం పెట్టుకుని.
ఎప్పుడూ బాగా జరుగుతుందని కాదు.
పోయినసారి గంటసేపు చిప్స్ తిన్నాడు,
నా వాటా కూడా.
నేను చెత్తడబ్బాల గురించి అరిచాను.
మౌనం ఇప్పుడు ఊరికే వస్తుంది,
అయినా వాడడానికి ఇద్దరం కొంచెం వెనకాడుతున్నాం.

నిన్న వాన.
అద్దాల మీద ఆవిరి.
అతను వేలితో ఏదో గీసి
నేను చూసేలోపే అరచేత్తో తుడిచేశాడు.

ఏమిటది, అని అడిగాను.