కంట్రోల్ ప్లాటు

పరవాడ దాటాక లారీల వెనక
మా జీపూ తెల్లబడిపోతుంది.
కరెంటు ఎటో వెళ్ళిపోయింది,
బొగ్గు మాత్రం ఇక్కడ మిగిలింది, పొడై,
చూపు ఆనినంత మేర చెరువై.
నీళ్ళు లేని చెరువు. కొంగ వాలని చెరువు.

బూడిదలో పోసిన పన్నీరు
అన్న సామెత తెలిసి కూడా
ప్రాజెక్టు రాశారు భాగీరథి మేడమ్.
మూడేళ్ళకు డబ్బొచ్చింది.
యూనివర్సిటీ నుంచి ముగ్గురం,
నేను, షాహిదా, ఇమ్మానుయేలు.
జీపు తోలడానికి, గోతులు తవ్వడానికి,
బూడిద కింద ఏ గెడ్డ ఎటు పారేదో చెప్పడానికి
నూకరాజు గారు.

పన్నెండు ప్లాట్లు, మేకులు కొట్టి, తాళ్ళు కట్టి.
ఒకదాంట్లో వట్టివేరు, ఒకదాంట్లో కానుగ,
ఒకదాంట్లో సరుగుడు,
పెంట కలిపి, వేళ్ళకు శిలీంధ్రం పూసి,
పసిపిల్లకు ఆముదం రాసినట్టు.
పన్నెండోది ఖాళీ.
ఏమీ చెయ్యకపోతే ఏమవుతుందో చూడ్డానికి.
ఏమీ చెయ్యకపోవడం కూడా పనేనని
మా అన్నయ్యకు ఫోనులో ఎంత చెప్పినా ఎక్కలేదు.

మొదటి వేసవికి కానుగ మాడింది.
రెండో ఏడు అక్టోబరులో తుఫానొచ్చి
ఏడు ప్లాట్లకు మేకులు కూడా దొరకలేదు.
తడిసిన బూడిద బురద కాదు, పిండి కాదు,
దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు.
షాహిదా మోకాలి లోతు దిగబడి,
చెప్పు అందులోనే వదిలేసి, పకపకా నవ్వి,
తరవాత జీపెక్కి ఏడ్చింది.
వట్టివేరు నిలబడింది, ఆరంగుళాలు.
ఆ ఆరంగుళాలతోనే ఇమ్మానుయేలు
గ్రాఫు గీశాడు. బాగానే గీశాడు.

మొన్న ఆషాఢంలో,
మీటరు చట్రం పన్నెండో ప్లాటు మీద పరిచి
గరిక సున్నా, వెంపలి సున్నా,
జిల్లేడు కూడా సున్నా అని
చూడకుండానే రాసేసి
చట్రం ఎత్తబోతే, మూలన,
మూడు సీతాఫలం మొక్కలు.
జానెడు.
ఆకు నలిపి చూశాను. ఆ ఘాటే.

"ఎవరు నాటారు?"

నూకరాజు గారు తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నారు.
"నాటడవేటమ్మా. జీపు నీడ తప్ప
ఇక్కడ నీడెక్కడున్నాది?
మజ్జానం అది ఇటేపే పడతాది.
ఇక్కడే గదా నాను కూకుని కూడు తింతాను.
ఉమ్మేసిన గింజలై ఉంతాయి.
సెయ్యి కడిగిన నీల్లూ ఇక్కడే పోత్తాను.
తప్పయిపోనాదేటి?"

తప్పే.
రెండేళ్ళ సున్నాలు ఒక్క పూటలో చెల్లకుండా పోయాయి.
మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచి,
"పీకెయ్యండి. ఇంకోచోట
కొత్త కంట్రోల్ పెట్టుకుందాం" అన్నారు.
సరైన మాటే అన్నారు.
ఎవరం లేవలేదు.
ఆవిడా లేవలేదు.

జీపు ఆపేది ఆయనే కదా.
ఇంత మైదానంలో, రెండేళ్ళుగా,
సరిగ్గా ఆ మూలకే నీడ పడేట్టు
ఎందుకు ఆపుతున్నాడో
మేమెవరం అడగలేదు.
ఆ రోజూ అడగలేదు.

రిజిస్టరులో పన్నెండో వరస కొట్టేశాను.
కొట్టేసిన గీత కింద, చిన్న అక్షరాలతో,
సీతాఫలం మూడు అని రాశాను.
చెయ్యి కడిగిన నీళ్ళు, పూటకు అర లీటరు,
వారానికి నాలుగు పూటలు.

మర్నాడు నూకరాజు గారు
జీపు బాగా అవతల ఆపారు.
నీడ వేరే చోట పడింది, అందరం అక్కడే తిన్నాం.
తిన్నాక మేడమ్ సీసా పట్టుకుని,
ఎంగిలి చెయ్యి గాల్లోనే ఉంచుకుని,
ఆ ఎండలో అంత దూరమూ నడిచి వెళ్ళి
అక్కడ కడుక్కుని వచ్చారు.