మూడో లైను

రేపు పొద్దున పదింటికి పరీక్ష.
రాజోలిలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.
మూడో లైను దగ్గర నా పెన్ను
గిత్త మొరాయించినట్టు ఆగింది.

మొదటి లైను సులువే.
వెలుగు పోయిన ఏటవాలు దారి వర్గం,
బండి పోయిన దూరం వర్గానికి
అద్దాల నడుమ ఎత్తు వర్గం కలిపినంత.
బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజమే
ఈసారి రైలెక్కి వచ్చింది.

టీ అంటే గట్టున నిలబడ్డోళ్ల టైము,
టావ్ అంటే బండిలో కూచున్నోళ్లది.
టీ రెండు దిక్కులా ఉంది,
రెంటినీ ఒకే ఒడ్డున చేర్చాలి.
ఈవలి నుంచి ఆవలికి పోగానే ప్లస్సు మైనస్సయింది,
తుంగభద్ర దాటితే మాట యాస మారినట్టు.
టీ వర్గాన్ని ఉమ్మడిగా బయటికి తీశాను.
లోపల మిగిలింది
సీ వర్గం మైనస్ వీ వర్గం.

ఇక మూడో లైను, వర్గమూలం.
సీ మైనస్ వీ అని రాసేశాను.
ఎంత ముద్దుగా ఉందో! పొట్టిగా, శుభ్రంగా.
పుస్తకం వెనక జవాబు మాత్రం ఒప్పుకోలేదు.
నాలుగు కాగితాలు నలిపి పారేశాను.

గుంట మగ్గంలో నాయిన
చార్జింగ్ లైటు పెట్టుకొని అంచు కలుపుతున్నాడు.
"ఏందే చౌడేశ్వరీ, కాయితాల మీద కోపం?"
బొమ్మ చూపించాను:
పైనొక అద్దం, కిందొక అద్దం, మధ్యన తిరిగే వెలుగు.
కాగితాన్ని అడ్డంగా తిప్పి చూసి
"ఇది నాడె గదా" అన్నాడు.

ఔను, నాడె.
నీ మగ్గాన్ని లారీ మీదికి ఎక్కించు నాయినా,
పడుగు సాగిన దిక్కుకే లారీ పోతున్నది.
నీకు నాడె ఎడమ నుంచి కుడికి, నేరుగా.
అయిజ రోడ్డున నిలబడ్డ నాకు
అది ఏటవాలుగా, పొడుగు దారిన.

తొక్కుడు చెక్కలు ఆగాయి.
"పొడుగైతే ఏమాయె?
లారీ ఊపు నాడెకు తోడైతది.
అంతే టైముకు ఆ అంచు చేరతది."

రెండు క్లాసులు విన్నా నాకు అందనిది
ఆ గుంటలోంచి వచ్చింది.
తోడైతది నాయినా, నాడెకు.
వెలుగుకు తోడు కాదు.
ఎవరు మోసుకుపోయినా దాని వేగం దానిదే,
ఎవరి దగ్గరా ఊపు చేబదులు తీసుకోదు.
దారి సాగింది, వేగం పెరగలేదు.
మరి సాగడానికి ఇంకేం మిగిలింది?

"టైమా?" అన్నాడు.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"మరి నువ్వేడ తప్పావు?"
మూలం గుర్తు కింద ఉన్న రెంటినీ
దేనికది విడదీసి బయటికి లాగానని చెప్పాను.
వర్గమూలం ఆయనెన్నడూ వినలేదు.
చేతిలో చీరనే చూపించాడు:
"పట్టు అంచు, నూలు నేత
కొక్కెం పడి కలిసినంక
విడిగా లాగితే రావు. చినుగుతయి."

రెంటినీ ఆ కప్పు కిందే ఉంచాను.
సీ వర్గంతో భాగిస్తే
ఒకటిలోంచి కొంచెం తరిగింది, ఆ తరుగు మీద మూలం.
టావ్‌ను దానితో భాగిస్తే టీ.
పుస్తకం ఇప్పుడు ఒప్పుకుంది.

నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను.
గద్వాల బస్సు, గంటకు నలభై కిలోమీటర్లు,
రోజుకు పోను రాను మూడు గంటలు,
ఏడాదికి రెండొందల రోజులు, మూడేళ్లు.
గుంటలో కదలక కూచున్న నాయిన కంటే
నా గడియారం వెనకబడింది
సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే
అందులో నాలుగు ముక్కలు.

ఆ నాలుగు ముక్కల్లో వెలుగు
రమారమి ఒక చీర పన్నా దాటుతుంది.
ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క విసురు.

లేచి పోయి చెప్పాను.
"మూడేండ్లకు ఒక్క పేకనా?
దానికి సావుకారు కూలి కట్టడు, పండుకో" అని
నాడె విసిరాడు.