ఏ యాప్‌లా లేని బండి

నాటకం ఆరున్నరకు.
నాలుగింటికే ఫోను నూరు శాతం నింపుకొని
తెర పక్కన స్టూలు మీద కూసుంట.
కరపత్రంల నా పేరు చివర్నుంచి రెండోది,
నా కింద టెంట్‌హౌస్.

మొదలు నీటిమట్టం యాప్.
కొత్తవాడ నుంచి అడుక్కొచ్చిన మగ్గం
ఎడమకాలు అర అంగుళం కుంటుతది.
దాని మీద ఫోను పండవెడితే
పచ్చబుడగ నడిమికొచ్చేదాక
అట్టముక్కలు మడిచి దూరుస్తడు రాజం.

తర్వాత ఫొటోలు.
కండె ఎక్కడ, చెంబు ఎక్కడ,
పెట్టె గొళ్లెం ఏ దిక్కుకు తిరిగున్నది,
ములుగుల ఆడిననాటి బొమ్మ పక్కన
ఇయ్యాల్టి బొమ్మ వెట్టి చూస్త.
చెంబు మారింది.
పోగొట్టినోడు నా దిక్కు చూస్తలేడు.

లైట్ల అంకూస్ పైన అటక మీదుంటడు.
వాకీటాకీలు కొనే పైసలు మా సంఘానికి ఎన్నడు లెవ్వు.
పాత రౌటరు ఒకటి, దాని మీద ఒక యాప్,
చెవుల తీగ వెట్టుకుంటే అతను తుమ్మినా వినవడుతది.
"సిద్ధం" అంట. "సిద్ధం" అంటడు.
"కొట్టు" అన్న మాట మాత్రం ఉత్తగ అనొద్దు.
మెడ మీద దోమ వాలింది కొట్టరా అని
రాజంతోని అన్న పాపానికి
ఒకనాడు పెండ్లిసీను నడుమ లోకమంత చీకటైంది.

ఓదెలు సారు ఇవన్ని చూసి మీసాల్ల నవ్వుతడు.
నలభై ఏండ్లు తెరచాటు నుంచి మాట అందించిన మనిషి.
ఆయన రాతప్రతిని స్కాన్ చేసి దాసుకున్న:
అంచులకు ఎర్ర పెన్సిలు, ఛాయ్ మరక,
ఒక పేజీల పక్కకు "ఈడ ఊపిరి".
రెండు వేళ్లతో పెద్దగ చేసి చూసిన.
ఎవరి ఊపిరో రాయలే.

హాలు వెనక గోడకు అవతల పట్టాలు.
కాజీపేటల నాటకమాడేటోళ్లు
తిథి చూసినా చూడకున్నా రైళ్ల యాప్ చూడాలె.
ఎక్స్‌ప్రెస్ పెండ్యాల దాటిందంటే
పాట ఇంకో చుట్టు పాడమని వేలు తిప్పుత.
పదకొండు నిమిషాలు లేటంటే
ఏడుపు సీను బతికిందన్నట్టు.

ఆఖరి అంకం.
ప్రవళిక పెట్టె తెరుస్తది. నాలుగు సెకండ్లు మౌనం.
"ఇగ నేయను" అంటది. చీకటి.
అంతే ఉన్నది కాయితంల.
యాప్‌ల పట్టాలు ఖాళీ. స్టాప్‌వాచ్ మీద బొటనవేలు.
ఆమె పెట్టె తెరిచింది,
గూడ్సు వచ్చింది.

బొగ్గుబండి, గనుల దిక్కు నుంచి.
దానికి పేరుండదు, టైముండదు,
దాని కోసం సంచులు వట్టుకొని ఎవ్వరు నిలవడరు,
ఏ యాప్ దాన్ని లెక్కల వెట్టుకోదు.

మగ్గం వణికింది. అట్టముక్క జారింది.
చెవుల అంకూస్: "అక్కా?"
"ఆగు."
తొమ్మిది. పద్దెనిమిది.
ప్రవళిక తల ఎత్తలే.
తెగిన పోగు కొస దొరకనట్టు
పెట్టెలోపలికి చూస్తనే ఉన్నది.
ముప్పై. నలభై ఒకటి.
డబ్బా వెనక డబ్బా
ఆమె వీపు మీదికెళ్లే పోతున్నట్టున్నది.
ముందు వరుసల పిలగాడు మక్కప్యాలాలు నములుడు బంద్ చేసిండు.
ఓదెలు సారు వచ్చి నా పక్కన నిలవడ్డడు.
నోరు కదిలింది గని
మాట అందియ్యలే.

డెబ్బై దాటినంక అంకెలు చూసుడు మర్చిన.

చివరి డబ్బా ఎర్రదీపం
వెనక కిటికీల తళుక్కుమని పోయింది.
ఆమె ఊపిరి వీల్చింది.
నేను గూడ.
"ఇగ నేయను."
"కొట్టు" అన్న.

అందరు పోయినంక ఖాళీ కుర్చీల నడుమ
రిపోర్టు యాప్ నింపుతున్న.
ఆఖరి అంకం: నిమిషంన్నర ఎక్కువ.
కారణం అడుగుతది, గడి చిన్నది.
గూడ్సు అని కొట్టి, చెరిపి,
ఓదెలు సారు మాటే మళ్ల రాసిన.
ఫ్లైట్‌మోడ్ తీయంగనే
గ్యాసు బిల్లు, మూడు మిస్డ్ కాల్‌లు,
ఇంటి నుంచి "అన్నం ఉంచాల్నా?"
అటక మీదికెళ్లి తీగలు చుట్టుకుంట అంకూస్ అడుగుతున్నడు:
"రేపు గూడ వస్తదా అక్కా, ఆ బండి?"

చెంబు, ములుగుదే వెతకాలె.
ఫోను, నాలుగు శాతం.