పితికిన పప్పు

నాలుగో తరగతి బి సెక్షన్, ముప్పై ఒక్క మంది,
ముప్పై ఒక్క నీలి టోపీలు,
సంతకాలున్న కాగితాలు ముప్పై.
జోయల్‌ది ఇంకా రాలేదు, ఫోన్‌లో సరేనన్నారు.
కొడవళ్ళు ముట్టరాదు, బావి వైపు పోరాదు,
పచ్చివేవీ నోట్లో పెట్టుకోరాదు అని
ప్రిన్సిపల్ గారి మెయిలు
నా బ్యాగులో, నాలుగు మడతలుగా.

కాడుగోడి వంతెన దిగడానికే నలభై నిమిషాలు.
హొసకోటె దాటాక బస్సులో ఏసీ ఆపించాను.
కిటికీలోంచి వచ్చిన మొదటి వాసనకే
ఓవియా ముక్కు మూసుకుంది.
పేడ, అన్నాను.
అది వర్క్‌షీటులో లేదు మిస్, అంది.

పిళ్ళమ్మ గట్టు మీద నిలబడి ఉంది,
చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, చెవుల దాకా మఫ్లరు.
"ఇంత మంది బిడ్డలా! అందరికీ ఒకటే టోపీ,
తల్లులు యెట్ల గుర్తుపడతారో" అంది.
మధ్యమధ్య కన్నడం తగిలే ఆ తెలుగు
మా ఇంట్లో తెలుగుకి మేనత్త వరస.

రాగి చేను సగం కోసి ఉంది.
ఏడేసి సాళ్ళకి ఒక అనప సాలు.
ఎందుకలా? వర్క్‌షీటులో మూడో ప్రశ్న.
నత్రజని అన్న జవాబు నాకు తెలుసు.
ఆమెనే అడగండని పిల్లల్ని ముందుకు తోశాను.
"రాగులు ఇంటికి, అనపకాయ సంతకి,
అంచున ఆవాలు నా వక్కాకుకి."
అందరూ అదే రాసుకున్నారు.
ఎన్ని మార్కులు వేయాలో ఇంకా తేలలేదు.

పక్క చేలో మొక్కల్లేవు.
సున్నం కొట్టిన రాళ్ళు, వరసగా, కొలిచినట్టు.
"అక్కడేం వేశారు?" మిథిల్ అడిగాడు.
"అది మా మరిది పంట నాయినా.
నీళ్ళొద్దు, ఎరువొద్దు.
ఒక్క కాపే."

కాయలు ఒలిచాం. తర్వాత గోనెపట్టా పరిచి
తెల్లారే నానేసిన గింజల బేసిను మధ్యలో పెట్టింది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే
తోలు చేతిలో, పప్పు గిన్నెలో, అంతే.
అంతే అన్నది పిళ్ళమ్మ.
జునైద్ నొక్కింది ఎగిరొచ్చి నా కళ్ళద్దాలకి తగిలింది.
నేను నొక్కింది నుజ్జయింది.

అప్పుడు యల్లవ్వ కూర్చుంది.
మా స్కూల్లో యల్లవ్వ అంటే
రెండో అంతస్తు బాత్రూం తాళంచెవి,
ఎవరికైనా వాంతయితే పిలిచే పేరు.
బస్సెక్కింది కూడా అందుకే, ప్లాస్టిక్ కవర్లతో.
చెప్పులు గట్టు అవతల విడిచి వచ్చి
చేతులు రెండూ బేసిన్లో పెట్టింది.
చూడకుండానే, రెండు చేతులా ఒకేసారి,
రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు పప్పులు.

పిళ్ళమ్మ తన చేతులు ఆపింది.
"యా ఊరు నీది?"
"రాయచూరు పక్క. జొన్న భూమి." కాసేపాగి,
"ఉండేది."
ఇంకేం మాట్లాడుకోలేదు ఇద్దరూ.
బేసిను మాత్రం కొంచెం యల్లవ్వ వైపు జరిగింది.

పిల్లలు ఒక్కొక్కరే నా దగ్గర్నుంచి లేచి
ఆమె చుట్టూ చేరారు.
"ఆంటీ, నీకెవరు నేర్పారు?"
నాలుగేళ్ళుగా ఒకే వరండాలో ఎదురుపడుతూ
నేను అడగని ప్రశ్న.
"మా అత్త. గిన్నె నిండకపోతే
నా కంచం నిండేది కాదు" అని నవ్వింది.
నవ్వాలో వద్దో తెలియక
పిల్లలు నా మొహం చూశారు.

ముద్ద నమలకూడదు, మింగాలి అంటే
జోయల్ నీళ్ళతో మింగాడు, మాత్ర వేసుకున్నట్టు.
ఓవియా పులుసు మూడోసారి పోయించుకుంది.
ఉడికినవాటి గురించి మెయిల్లో ఏమీ లేదు.

సోమవారం హాజరు పిలుస్తున్నాను.
పేరు పేరుకీ ఒక చెయ్యి లేస్తుంది,
దిగుతూ దిగుతూ ముక్కు దగ్గర ఆగుతుంది.
అనప జిడ్డు వాసన, రెండు రోజుల సబ్బుకీ పోలేదు.

బాత్రూంకని వెళ్ళిన జోయల్ ఎంతకీ రాలేదు.
వెళ్ళి చూస్తే, వరండా చివర
తుడుపుకర్ర గోడకి ఆనించి ఉంది.
టిఫిన్ డబ్బా మూతలో కాసిని నీళ్ళు, ఒక్క గింజ.
వాడి బొటనవేలు ఎక్కడుండాలో
యల్లవ్వ సరిచేస్తోంది.

చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి
రిజిస్టర్లో వాడి పేరు ఎదురుగా
హాజరు వేశాను.