దీర్ఘం

శనివారం, ఎనిమిదిన్నర.
మిల్డ్యూరాలో నది ఒడ్డున, పడవల క్లబ్బు మేడ మీద
పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు.
నిన్నటి విందు కాగితప్పూలు
ఇంకా కిటికీకి వేలాడుతున్నాయి.
పద్నాలుగు మందిమి, మెడలో పేర్ల బిళ్ళలతో,
అప్పుడే బడిలో వేసిన పిల్లల్లా
వెనక వరస కోసం వెతుక్కున్నాం.

నా పక్కన ట్రెజెంజా. డెబ్భై రెండేళ్ళు.
ఈ ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి
పెన్ను మూత తీయడానికి వణుకుతోంది.
ఆయనకి కావలసిన పాయింట్లు ఎప్పుడో నిండాయి.
"ఇక్కడ బిస్కెట్లు బాగుంటాయి" అన్నాడు.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన అమ్మాయి
తెర మీద గీతలు ఎక్కిస్తోంది, దించుతోంది.
నేను చదువుకున్న రోజుల్లో పుట్టని మందులు,
నోట్లో రాళ్ళు పోసుకున్నట్టుండే పేర్లు.
షుగరుకని కనిపెట్టింది కిడ్నీనీ గుండెనీ కూడా కాస్తుందట.
రాసుకున్నాను.
ఆ తర్వాత, గొంతు సవరించుకున్నంత తేలిగ్గా, ఒక స్లైడు:
గుండెపోటు ఎన్నడూ రాని పెద్దవాళ్ళు
రోజూ మింగే ఆస్పిరిన్ గురించి మరోసారి ఆలోచించండి.
కాపాడేదానికన్నా నెత్తురు కార్చేదే ఎక్కువ కావచ్చు.

తెలియదని కాదు.
కొన్నేళ్ళ కిందటే చదివాను, పేజీ మూల మడిచాను.
పన్నెండు నిమిషాల్లో బీపీ, మోకాలు, నిద్ర,
కొడుకు విడాకులు.
మడిచిన మూల దాకా ఎప్పుడూ రాలేకపోయాం,
నేనూ కొంచెట్టా మొరాబీటో.

నాకు అక్షరాలు దిద్దించిన మేష్టారు
దీర్ఘం పలికితే ఊపిరి అయిపోయేదాకా ఆపేవారు కాదు.
కా... అంటే కిటికీలో పిచ్చుక లేచిపోవాలి.
జలుబు తలకట్టు లాంటిది, పెట్టి వదిలేస్తాం.
రక్తపోటు దీర్ఘం.
షుగరు దీర్ఘం, మనిషి ఊపిరంత పొడుగు.
దాన్ని పలుకుతూ పక్కన కూర్చోవడమే నా ఉద్యోగమని
ఎవరూ ఏ పరీక్షలోనూ అడగలేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అంది ఆ అమ్మాయి.
నిద్రపోతున్నాడనుకున్న ట్రెజెంజా లేచాడు.
"ద్రాక్ష కోతలకి తెల్లారకముందే పోతాడు నా పేషెంటు.
పదింటికే నలభై దాటుతుంది.
బండిలో ఫ్రిజ్ లేదు, తోటలో నీడ లేదు.
ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోమంటావు?"
హాలు కాసేపు చప్పుడు చెయ్యలేదు.
"మీరేం చెప్పారు?" అందామె.
"మట్టికుండ. తడి ఇసక. పైన గోనెపట్టా.
వాళ్ళావిడ కనిపెట్టింది, నేను కాదు."
ఆ అమ్మాయి పెన్ను అడిగి తీసుకుని
చేతి వెనక రాసుకుంది.

సోమవారం కొంచెట్టా వచ్చింది.
ఎనభై ఒక్కటి, ఎండుద్రాక్ష వాసన.
పదహారేళ్ళ కిందట నేనే చెప్పాను,
ఇది నీ గుండెకి కాపలా అని.
ఇప్పుడు కాపలావాణ్ణి మానిపిస్తున్నాను.
"అయితే ఇన్నాళ్ళూ తప్పా?"
సాక్ష్యాలు, శాతాలు నాలుక చివరిదాకా వచ్చాయి.
"అప్పట్లో నాకు తెలిసింది అంతే" అన్నాను.

ఆమె సంచి సర్దుకుంది. కోప్పడలేదు.
మా ఆయన తీగలకి ఏం చల్లాలో కూడా
వాళ్ళు ఏటేటా మార్చేవాళ్ళు, అంది.
గుమ్మం దగ్గర ఆగింది.
"మరి పొద్దున్నే కాఫీతో ఏం మింగను?
ఆరింటికి ఆ పని ఉందనే కదా లేస్తున్నాను."

దానికి నా దగ్గర స్లైడు లేదు.
తర్వాతి పేషెంటుని పదిహేను నిమిషాలు ఆపి
మళ్ళీ కూర్చోమన్నాను.
ఆరింటికి ఇంకెవరు లేస్తారు మీ వీధిలో, అని మొదలుపెట్టాం.

సర్టిఫికెట్ వచ్చింది. ఆరు గంటలు, అని ఉంది.
సొరుగులో దాని పక్కన
కొంచెట్టా వదిలేసి వెళ్ళిన మాత్రల అట్ట,
ఇంకా పగలని ఏడు గుంటలు.